పనిచీట్ల పలక



పనిని కంటికి కానవచ్చునట్లు నిలుపు పలకలు నేడు కంప్యూటరు తెరలపై సర్వసామాన్యములు. "చేయవలసినవి, జరుగుచున్నవి, ముగిసినవి" యని మూడు నిలువుగళ్లు, వానిలో చీట్లు. ఈ పలక చరిత్రలో మన హైదరాబాదునకు స్థానము కలదు. దానిని విన్నవించెదను.

పనిని బొమ్మగా గీయు తలపు ప్రాతది. 1896లో పోలండు దేశీయుడగు కారోల్ అదమియెట్స్కియు, 1910 తరువాత అమెరికాలో హెన్రీ గాంటును అట్టి పట్టికలు గీచిరి. ఏ పని యెప్పుడు జరుగవలెనో అవి తెలిపెను. జపానులో టయోటా కార్ఖానాకు చెందిన తైయిచి ఓనో వేఱొక మార్గము త్రొక్కెను. ముందరి మెట్టువారు చీటీ పంపి యడిగిననేకాని వెనుకటి మెట్టువారు వస్తువును చేయరాదని ఆయన నియమము. ఆ చీటీకే కాన్‌బాన్ అని పేరు.

2004లో మైక్రోసాఫ్టు సంస్థవారి సొంత ప్రోగ్రాములను మరమ్మతు చేయు చిన్న బృందము హైదరాబాదున నుండెను. వ్రాయువారు ముగ్గురు, పరీక్షించువారు ముగ్గురు. ఒక్క కోరిక తీరుటకు సుమారు ఐదు నెలలు పట్టుచుండెను. కోరినవారు విసిగిరి. మేనేజరగు డ్రాగోస్ డుమిట్రియు, డేవిడ్ ఆండర్సన్ సలహాతో కారణమును వెదకెను. లోపము పనివారి సోమరితనము కాదు. వచ్చిన ప్రతి కోరికకును ముందుగా అంచనా కట్టుటయందే వారి శక్తిలో పెద్దభాగము వ్యయమగుచుండెను. అంచనాలు మానిపించిరి, ఒకసారి చేపట్టు పనులకు మితి విధించిరి, చోటు ఖాళీ యైనపుడే మఱొక పనిని చేర్చిరి. వ్రాయు విధముగాని, పరీక్షించు విధముగాని మార్పలేదు. తొమ్మిది నెలలలో ఐదు నెలల నిరీక్షణ కొలది వారములకు దిగెను.

ఇందు విశేష మేమన, ఆ బృందమునకు పలకయే లేదు. గోడపలకయు చీట్లును 2007 ప్రాంతమున సియాటిల్ నగరపు కోర్బిస్ సంస్థలో ఈ పద్ధతికి తోడైనవి. నియమము ముందు, బొమ్మ వెనుక.

చెఱువు క్రింద సేద్యము చేసినవారికి ఇది క్రొత్త గాదు. కాలువ మళ్లన్నింటికిని ఒక్కసారిగా గండ్లు కొట్టినచో చివరి మడికి తడి యందదు. అందుచేతనే నీరటికాడు వంతు ననుసరించి నీరు వదలును. చేపట్టిన పనులకు మితి లేనిచోట ఏదియు ముగియదు. నింద మాత్రము పనివాని నెత్తిన బడును.

బాచుపల్లిలో 1995లో విజ్ఞానజ్యోతి కళాశాలయు, 1997లో గోకరాజు రంగరాజు కళాశాలయు వెలసినవి. అట్టిచోట చదువు పిల్లలకు ఇట్టి పలకను నిర్మించుట మంచి అభ్యాసము. ప్రతి చీటీకి పేరు, గడి, వరుస అను మూడు వివరములు చాలును. చీటీని జరిపినపుడు గడి పేరు మారును. యంత్ర మాపినను చెదరకుండ దానిని దస్త్రమున భద్రపఱుపవలెను. ఇంతవరకు సులభమే.

మీ యింటి పిల్లవాడు అట్టి పలకను చూపినచో రంగులను మెచ్చుకొని యూరకుండకుడు. "నాయనా, జరుగుచున్నవి యను గడిలో ఎన్ని చీట్లు పట్టును?" అని యడుగుడు. ఎన్నియైనను పట్టునన్నచో అది వట్టి జాబితా. నాలుగవ చీటీ వచ్చినపుడు "ఒకటి ముగించి రమ్ము" అని తెర నిరాకరించినచో, వాడు పని స్వభావము నెఱిగినవాడని నమ్ముడు.