కొలిచి యిచ్చిన కూడు: షాంటిలీ సీమలో తల్లిబిడ్డల పోషణ

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియగు వాషింగ్టను నగరమునకు పడమట, వర్జీనియా రాష్ట్రమునందలి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో షాంటిలీ యను నూరు కలదు. ఇప్పుడది వెడల్పైన రహదారులతోను, కంప్యూటరు కంపెనీల కార్యాలయములతోను నిండియున్నది. 1962వ సంవత్సరమున తెరువబడిన డల్లెసు విమానాశ్రయము దాని ప్రక్కనే యున్నది. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములును కాపురమున్నవి. అయితే షాంటిలీ యను పేరు అచ్చట మొదట ఊరిది కాదు, తోటది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున స్టూవర్టు కుటుంబమువారు తమ తోటకు పెట్టుకొనిన పేరది. ఆ తోట యిల్లు అంతర్యుద్ధ కాలమున కాలిపోయెను. దానికి సమీపముననే రిచర్డు బ్లాండు లీ యనునతడు 1794లో కట్టించిన సల్లీ తోట యిల్లు మాత్రము నేటికిని నిలిచియున్నది.

తోట యనగా నేమో ఈ చదువరులకు చెప్పనక్కర లేదు. కాని ఆ తోటలలో పాటుపడినవారు కూలికి వచ్చినవారు కారు, కొనబడినవారు. ఆఫ్రికా జాతి వారైన ఆ బానిసలు గోధుమ, మొక్కజొన్న మొదలగు పంటలు పండించిరి. వారికి కూలి లేదు. కొలిచి యిచ్చు కూడు మాత్రమే కలదు. ఆ కూడెంతయో దొరలు వ్రాసి యుంచిన లెక్కలవలన తెలియుచున్నది. అదే ఫెయిర్‌ఫాక్స్ సీమలో మౌంటు వెర్నను అను తోట అమెరికా మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టనుది. అచ్చట పనిచేయు బానిసకు దినమునకు ఇంచుమించు ఒక లీటరు మొక్కజొన్న పిండియు, 140 మొదలు 225 గ్రాముల వరకు ఉప్పుచేపయు నిచ్చుచుండిరి. చాలనిదానిని వారు ప్రొద్దుగ్రుంకిన తరువాత పెరడు త్రవ్వియు, కోళ్లను పెంచియు, చేపలు పట్టియు పూరించుకొనిరి. తల్లి పొలమునకు పోవునప్పుడు పసిబిడ్డను ముసలివారో, అక్కయో చూచుచుండవలెను. ఆ లెక్కల పుస్తకములలో పిండి తూకము కలదు గాని బిడ్డ తూకము కానరాదు. ఎవరు ఎంత పని చేయుదురో దానికి తగినంత కొలత. పనికి రాని పసివాడు పెద్దల కొలతకు ఎక్కడు. 1865లో ఆ దేశమంతట బానిసత్వము రద్దయ్యెను.

ఈ సంగతి దూరదేశపు కథ యని యనుకొనరాదు. 1903 మొదలు చెన్నపట్టణపు రేవునుండి ఫిజీ దీవుల చెరకు తోటలకు ఓడలెక్కిన కూలీలలో తెలుగువారు అనేకులు. వారు కొనబడినవారు కారు. అయిదేండ్లకు ఒప్పందము వ్రాసి పోయినవారు. ఆ ఒప్పందపత్రమున ఆహారపు నిబంధనయు నుండెను. మొదటి ఆరు నెలలు రేషను తోటవారే యిత్తురు; దినమునకు నాలుగు పెన్నీలు కూలిలో తగ్గింతురు. అయిదు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు సగము రేషను ఉచితము. అయిదేండ్ల లోపు బిడ్డకు మొదటి సంవత్సరమంతయు దినమునకు తొమ్మిది చటాకుల పాలు, అనగా అరలీటరు పాలు, ఉచితము. పని చేయని పసివానికి వాని యవసరమునుబట్టి ఒక కొలత కాగితముమీద కెక్కెను. ఇది చిన్న సంగతి కాదు. కాని చూలాలికిని బాలెంతకును అందు ప్రత్యేకమైన కొలత లేదు. ఆడుకూలికి దినమునకు తొమ్మిది పెన్నీలు, మగకూలికి ఒక షిల్లింగు, అనగా పండ్రెండు పెన్నీలు; రేషను నిమిత్తము తగ్గింపు మాత్రము ఇరువురికిని సమానము. 1920 జనవరి 1న ఫిజీలో ఆ ఒప్పందములన్నియు రద్దు చేయబడెను.

మరల అమెరికాకు పోవుదము. తల్లిబిడ్డలకు ఆహారము నిచ్చుట ప్రభుత్వపు విధి యని ఆ దేశము గ్రహించుటకు కారకులైనవారును తోటకూలీలే. మిసిసిపీ రాష్ట్రమున ప్రత్తి తోటలలో బానిసల మనుమలు, మునిమనుమలు కూలిచేసి బ్రతుకుచుండిరి. 1960వ దశకమున ప్రత్తి తీయు యంత్రములును, కలుపు చంపు మందులును వచ్చి వారి పనిని తీసివేసెను. అంతకుముందు ఉచితముగా పంచబడుచుండిన సరుకులకు మారుగా ఆహారపు స్టాంపులు వచ్చెను. ఆ స్టాంపులను రొక్కమిచ్చి కొనవలెను. పనియే లేనివారికి రొక్కమెక్కడిది? 1967 ఏప్రిలులో రాబర్టు కెన్నెడీ మొదలగు సెనేటు సభ్యులు అచ్చటి గుడిసెలలోనికి పోయి, ఆకలిచే కృశించిన పిల్లలను కన్నులార చూచిరి.

ఆ ప్రాంతముననే మౌండు బాయూ అను ఊర డాక్టరు జాక్ గైగరును ఆయన తోడివారును ఒక ఆరోగ్యకేంద్రమును స్థాపించిరి. ఆకలిచే నీరసించి వచ్చిన బిడ్డలకు ఆ వైద్యులు మందు చీటీమీద పాలు, మాంసము, కూరగాయలు అని వ్రాసిరి. ఊరిలోని అంగళ్లవారు ఆ చీటీ చూచి సరుకులిచ్చిరి. వాటి ఖరీదును ఆరోగ్యకేంద్రపు మందుల పద్దునుండి చెల్లించిరి. మందుల సొమ్ముతో తిండి కొనుట తగునా యని పై యధికారులు అడుగగా, తాను చదివిన వైద్యశాస్త్రములో ఆకలి రోగమునకు మందు అన్నమే యని గైగరు బదులు చెప్పెను. ఈ బదులునకు ప్రతి చెప్పగలవారు లేకపోయిరి.

1972 సెప్టెంబరు 26న అమెరికా ప్రభుత్వము ఒక చట్టమును చేసెను. గర్భిణులకును, బాలెంతలకును, శిశువులకును, చిన్నపిల్లలకును పుష్టికరమైన ఆహారమును ఆరోగ్యశాఖ ద్వారా ఇచ్చు పథకమది. ఆంగ్లాక్షరములనుబట్టి దానిని విక్ అందురు. సెనేటరు హ్యూబర్టు హంఫ్రీ దానికి ముఖ్య ప్రోత్సాహకుడు. చట్టమైనను వ్యవసాయశాఖవారు సొమ్ము వ్యయపరచక జాగుచేయగా, 1973లో న్యాయస్థానము కలుగజేసికొని నడిపింపవలసినదని యాజ్ఞాపించెను. 1974 జనవరిలో కెంటకీ రాష్ట్రపు పైన్‌విల్ ఊర మొదటి కేంద్రము తెరువబడెను. ఆ సంవత్సరము దాని లబ్ధిదారులు 88,000 మంది. 2010 నాటికి ఇంచుమించు 92 లక్షలు. 1975 చట్టముచే ఆ పథకము స్థిరమై, అయిదేండ్ల వరకు గల పిల్లలందరికిని వర్తించెను. అదే సంవత్సరము అక్టోబరు 2న భారతదేశమున 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ప్రారంభమై, అంగన్‌వాడీ లేర్పడెను.

షాంటిలీ తల్లులకు ఈ సేవ ఫెయిర్‌ఫాక్స్ ఆరోగ్యశాఖ ద్వారా లభించును. అంత ధనికమైన సీమలో ఆకలి యేల యని యడుగవచ్చును. ధనికుల యిండ్లను తుడుచువారు, హోటళ్లలో గిన్నెలు కడుగువారు కూడ ఆ సీమలోనే బ్రతుకవలెను గదా. అద్దె లెక్కువైన ఈ చోటను, అద్దెలు తక్కువైన కెంటకీ పల్లెలోను ఆదాయపు హద్దొక్కటియే యగుట యొక చిక్కు.

కేంద్రమునకు వచ్చిన తల్లిని మొదట తూచెదరు. బిడ్డ పొడవును బరువును చూచెదరు. వ్రేలినుండి రక్తపు చుక్క తీసి రక్తహీనత యున్నదేమో పరీక్షింతురు. ఏమి తినుచున్నారో, బిడ్డ రొమ్ము పట్టుచున్నదో లేదో అడిగి వ్రాసికొందురు. దానినిబట్టి పాలు, గ్రుడ్లు, చిక్కుడు గింజలు, ఇనుము కలిపిన ధాన్యపు ఆహారము, 2009 మొదలు పండ్లు కూరగాయలు, ఎవరికేది తగునో అది నిర్ణయింతురు. పూర్వము కాగితపు చీటీ లిచ్చుచుండిరి. ఇప్పుడు కార్డు చూపి అంగడిలో తెచ్చుకొందురు.

ఈ పనినంతయు కనిపెట్టి చూచు పర్యవేక్షకురాలి పని బయటికి కానరాదు, కాని దానిమీదనే అంతయు నిలిచియున్నది. త్రాసు సరిగానున్నదా, కొలత సరిగా వ్రాసిరా, బరువు పెరుగని బిడ్డను మరల పిలిచిరా యని ఆమె చూడవలెను. క్రొత్తగా చేరిన ఉద్యోగిని తల్లితో మాటలాడునప్పుడు ప్రక్కన కూర్చుండి, గద్దించుచున్నదో, ఓపికతో వినుచున్నదో గమనింపవలెను. తన చుట్టములకును స్నేహితులకును తానే అర్హత వ్రాయుట ఏ యుద్యోగికిని తగదని నిబంధన కలదు. కంగాణి బంధువులకు నిండుకొలత, ఇతరులకు వెలితికొలత చూచినవారికి ఈ నిబంధన విలువ తెలియును. రాష్ట్రపు తనిఖీదారులు రెండేండ్లకొకసారియైనను ప్రతి స్థానికశాఖను పరీక్షింపవలెను. కొందరు తనిఖీదారులు సామాన్య స్త్రీలవలె కార్డు పట్టుకొని అంగళ్లకు పోయి, సరియైన సరుకు సరియైన ధరకు ఇచ్చుచున్నారో లేదో కనుగొందురు.

అయినను లోపములు లేకపోలేదు. డబ్బా పాలు సులభముగా దొరకుటచేత తల్లిపాలు మానిపించుచున్నారను నింద ఈ పథకముమీద చాలకాలముండెను. 1989 చట్టముచే తల్లిపాల ప్రోత్సాహమునకు ప్రత్యేకముగా సొమ్ము కేటాయించిరి. ఒక్కొక్క రాష్ట్రము ఒక్క కంపెనీతోనే డబ్బా పాలకు ఒప్పందము చేసికొనుట వలన, 2022లో ఒక పెద్ద కర్మాగారము మూతపడినప్పుడు పేద తల్లులు అంగడి వెంట అంగడి తిరిగిరి. ఈ పథకపు సొమ్ము ఏటేట సభవారు మంజూరు చేయవలసినదే. 2025 అక్టోబరు 1 మొదలు నవంబరు 12 వరకు ప్రభుత్వ కార్యాలయములు నిలిచిపోగా, సుంకముల రాబడినుండి సొమ్ము తెచ్చి దీనిని నడిపిరి.

ఇంతకంటెను కఠినమైన దొకటి కలదు. కార్డుతో ఇంటికి తెచ్చిన పాలను తల్లి తానే త్రాగునో, ఇంటిల్లిపాదికి పంచి తాను మజ్జిగ నీళ్లు త్రాగునో ఏ పర్యవేక్షకురాలికిని తెలియదు. తెలంగాణమున 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి ఈ చిక్కును వేరువిధముగా విప్పెను: గర్భిణియు బాలెంతయు అంగన్‌వాడీకి వచ్చి, అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, పాలు అచ్చటనే కూర్చుండి తినవలెను. తల్లి తినుటను ఒకరు కన్నులార చూతురు. అయితే దినదినము నడిచి రాగలిగినవారికే ఆ భోజనము. కలుపు తీతకు పోయినదానికి ఆ గంట యెట్లు దొరకును?

అమెరికాలోను రానివారి సంగతియే పెద్దది. అర్హులైనవారిలో సగమునకు కొంచెము మించినవారే 2022లో ఈ సహాయమును పొందిరి. చంటిబిడ్డను ఎత్తుకొని తల్లులు తప్పక వచ్చుచున్నారు. డబ్బా పాలు అక్కరలేని వయసు రాగానే రాకపోకలు సన్నగిల్లును. నాలుగేండ్ల పిల్లలలో చాలమంది పట్టీలోనే యుండరు. పనికి సెలవు దొరకకపోవుట, బండి లేకపోవుట, అంగడిలో కార్డు చూపుటకు సిగ్గుపడుట ఇందుకు కారణములు. కావున రమ్మన్న దినమున రానివారి పేర్లను పర్యవేక్షకులు వేరుగా వ్రాయించి, ఒక్కొక్క తల్లికి టెలిఫోను చేయించుచు, సాయంకాలమున పని ముగించుకొని వచ్చువారి కొరకు కొన్ని దినములు ప్రొద్దుపోవు వరకు తలుపులు తెరిపించుచుందురు.