బంతి మీద కూర్చుంటే బలం వస్తుందా?

ఏ జిమ్ముకి వెళ్ళినా ఒక మూల పెద్ద రబ్బరు బంతి కనిపిస్తుంది. పక్కనే సగం కోసిన బంతి లాంటిది, గాలి నింపిన దిండ్లు, ఊగే చెక్కలు. "నేల మీద చేస్తే ఒక్క కండరమే పని చేస్తుంది, బంతి మీద చేస్తే లోపలి కండరాలన్నీ మేలుకుంటాయి" అంటాడు కోచ్. ఇందులో దేవుడి పేరు లేదు, మంత్రం లేదు. కాబట్టి తాయెత్తు కట్టేవాడిని సవాలు చేసే మనం కూడా ఈయన్ని రుజువు అడగం. అసలు ఈ మాట ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరిందో ఒకసారి చూద్దాం.

1840లలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ కొందరు రోగుల్లో ఒక వింత వర్ణించాడు. వెలుతురులో బాగానే నిలబడతారు. కళ్ళు మూసుకోమంటే తూలి పడబోతారు. వాళ్ళ కాళ్ళలో బలానికి లోటు లేదు. కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పే వెన్నుపాము దారి దెబ్బతింది. కళ్ళతో చూసి ఆ లోటు పూడ్చుకుంటున్నారన్నమాట. 1906లో షెరింగ్టన్ ఈ లోపలి సమాచారానికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు.

1965లో లండన్ సర్జన్ మైకేల్ ఫ్రీమన్ దీన్ని చీలమండ బెణుకుకు అన్వయించాడు. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ ఎందుకు మడతపడుతుంది? లిగమెంటుతో పాటు అందులోని నరాల పోగులు కూడా తెగి, కబురు ఆలస్యమవుతుందేమో అన్నాడు. ఊగే చెక్క మీద నిలబడి సాధన చేయిస్తే ఈ బాధ తగ్గుతుందని చూపించాడు. ఆయన చెప్పిన కారణం పూర్తిగా నిలిచిందా అంటే వాదనలున్నాయి. వైద్యం మాత్రం నిలిచింది. 2004లో నెదర్లాండ్స్ వాలీబాల్ జట్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో, ఇంతకుముందు బెణికిన వాళ్ళకు ఈ చెక్క సాధనతో మళ్ళీ బెణకడం తగ్గింది. ఎప్పుడూ బెణకని వాళ్ళకు లాభం కనబడలేదు. పైగా పాత మోకాలి దెబ్బ ఉన్నవాళ్ళకు మోకాలి నొప్పులు పెరిగాయి. ఈ చివరి ముక్క ఏ జిమ్ము గోడ మీదా కనబడదు!

బంతి కథ వేరు. 1963లో ఇటలీలో అక్విలినో కొసాని అనే ప్లాస్టిక్ తయారీదారు దాన్ని చేశాడు. స్విట్జర్లాండ్‌లో మేరీ క్వింటన్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్ట్ నాడీ లోపాలున్న పసిపిల్లల చికిత్సకు వాడింది. బాసెల్‌లో సుజానె క్లైన్-ఫోగెల్‌బాఖ్ పెద్దవాళ్ళకు వాడింది. అక్కడ చూసి వెళ్ళిన అమెరికా వాళ్ళు 'స్విస్ బాల్' అన్నారు. 1990లకి అది రోగుల నుంచి ఆరోగ్యవంతుల చేతికి వచ్చింది. 1996లో ఆస్ట్రేలియాలో హోడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు, నడుం నొప్పి ఉన్నవాళ్ళలో పొట్ట లోపలి పొర కండరం కాస్త ఆలస్యంగా స్పందిస్తోందని చూపారు. నొప్పి వల్ల ఆలస్యమా, ఆలస్యం వల్ల నొప్పా అన్నది ఆ కొలత చెప్పదు. మార్కెట్టుకి ఆ సందేహం అక్కర్లేదు. 'కోర్' అనే మాట మంత్రమై కూర్చుంది.

ఇక అసలు ప్రశ్న: ఊగే చోట కండరం ఎక్కువ పని చేస్తుందా? చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరంలోని విద్యుత్ సంకేతాన్ని కొలవచ్చు. దీన్ని ఈఎంజీ అంటారు. కెనడా న్యూఫౌండ్లాండ్‌లో డేవిడ్ బేమ్ బృందం 2002లో ఈ కొలత తీసింది. బంతి మీద కూర్చుని మోకాలు చాపితే వచ్చిన బలం, కుర్చీలో కూర్చుని చాపినదానికంటే సుమారు 70 శాతం తక్కువ. 2004లో ఛాతీతో తోసే వ్యాయామం పరీక్షించారు. బలం సుమారు 60 శాతం తగ్గింది, విద్యుత్ సంకేతం మాత్రం దాదాపు అంతే ఉంది.

ఆ బలం ఏమైంది? కీలుకి అటూ ఇటూ ఉన్న కండరాలు ఒకేసారి బిగుసుకుని, మనిషి పడిపోకుండా ఆపడంలో ఖర్చయింది. కండరం ఖాళీగా లేదు, నిజమే. కానీ కండరం బలపడాలంటే బరువు మోయాలి. బంతి మీద మోయగలిగే బరువే తగ్గిపోతే ఎక్కడి నుంచి బలపడుతుంది? 2007లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద 10 వారాల పరీక్ష జరిగింది. గాలి దిండ్ల మీద కాళ్ళ వ్యాయామం చేసినవాళ్ళ ఎగిరే శక్తి పెరగలేదు. నేల మీద చేసినవాళ్ళది పెరిగింది. ఊగే చెక్క మీద సాధన చేస్తే ప్రధానంగా ఊగే చెక్క మీద నిలబడటమే వస్తుంది. తాడు మీద నడిచే పిల్లకి తాడు మీద నడక వచ్చినట్టు.

అయినా వ్యాపారం ఆగలేదు, చెప్పుల్లోకి దిగింది. స్విస్ ఇంజనీర్ కార్ల్ ముల్లర్ 1996లో గుండ్రటి అడుగున్న బూట్లు తెచ్చాడు. కొరియాలో వరి మడిలో నడిస్తే తన నడుం నొప్పి తగ్గిందని ఆ బూట్ల కథ. మన పల్లెల్లో బురదలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళని అడిగితే నడుం సంగతి చక్కగా చెప్పేవారు!

తరువాత రీబాక్, స్కెచర్స్ దిగాయి. రీబాక్ ప్రకటనల్లో పిరుదు కండరాలకు 28 శాతం ఎక్కువ బలం అన్నారు. 2010లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరీక్ష చేయిస్తే, మామూలు బూట్లతో పోల్చి కండరాల పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసుల్లో 2011లో రీబాక్ రెండున్నర కోట్ల డాలర్లు, 2012లో స్కెచర్స్ 4 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. స్కెచర్స్ ప్రకటనలో 'స్వతంత్ర' పరిశోధన చేశానన్న కైరోప్రాక్టర్, ఆ కంపెనీ మార్కెటింగ్ అధికారిణి భర్త అని కమిషన్ బయటపెట్టింది. మన బాబాల చుట్టూ తిరిగే సాక్షులు గుర్తుకు రావటం లేదూ?

ఇదంతా చదివి, బ్యాలెన్స్ సాధనే దండగ అనుకుంటే అది ఇంకో తప్పు. ముసలివాళ్ళకు పడిపోవడం చిన్న విషయం కాదు. తుంటి ఎముక విరిగితే మంచం పట్టి, మళ్ళీ లేవనివాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. 2019 కోక్రేన్ సమీక్ష వంద పైచిలుకు పరీక్షలను కలిపి చూసింది. వ్యాయామంతో వృద్ధులు పడిపోవడం 23 శాతం తగ్గింది. అందులో ముఖ్యమైనది నిలకడ సాధన: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, పట్టుకోవడానికి ఏదైనా దగ్గర పెట్టుకుని ఒంటి కాలి మీద నిలబడటం, ఒక కాలి వేళ్ళ ముందు ఇంకో కాలి మడమ పెట్టి గీత మీద నడవడం. వీటికి కావలసింది ఒక కుర్చీ, ఒక గోడ, తడి లేని నేల.