ప్రభుత్వం పెట్టని బిల్లు

చట్టసభల చరిత్రలో మనకు గుర్తుండేవి మంత్రుల పేర్లు. కానీ ఆడవాళ్ల జీవితాలను మార్చిన చట్టాలు ఎక్కడ పుట్టాయని వెతుక్కుంటూ వెళ్తే చాలాసార్లు మంత్రులు కనిపించరు. 1921లో మద్రాసు శాసనమండలిలో స్త్రీల ఓటుహక్కు తీర్మానం పెట్టింది కృష్ణన్ నాయర్ అనే సభ్యుడు. 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం కేంద్ర శాసనసభలో హరబిలాస్ శారదా సొంతంగా తెచ్చిన బిల్లు. వితంతువుకు భర్త ఆస్తిలో పరిమిత హక్కునిచ్చిన 1937 చట్టం జి.వి. దేశ్‌ముఖ్ తెచ్చింది. ఇంటి గుమ్మం దాటి లోపలికి రావడానికి ప్రభుత్వం జంకిన ప్రతిచోటా ఎవరో ఒక సభ్యుడు పూనుకోవలసి వచ్చింది. 1927 నుంచి ఆ పని ఒక సభ్యురాలు చేసింది.

నేను నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతం మనిషిని. మా పెద్దవాళ్ల మాటల్లో ‘భోగం మేళం వచ్చిన పెళ్లి’ అంటే గొప్పింటి పెళ్లి. మేళంలో ఆడిన ఆడవాళ్ల సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ తగ్గించిన గొంతే నన్ను మద్రాసు శాసనమండలి చర్చల వైపు నడిపించింది. 1953 దాకా కృష్ణా జిల్లా మద్రాసు కిందే ఉండేది కాబట్టి అక్కడ చేసిన చట్టమే మా తాలూకా చట్టం.

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1926లో నామినేషన్ మీద శాసనమండలికి వచ్చారు. మరుసటి ఏడు ఉపాధ్యక్షురాలయ్యారు. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. 1927 నవంబరులో, ఆడపిల్లలను గుళ్లకు అంకితం చేయడం ఆపించాలని ముత్తులక్ష్మి తీర్మానం పెట్టారు. సభ ఆమోదించింది. కానీ తీర్మానం ప్రభుత్వానికి చేసే సిఫారసే తప్ప చట్టం కాదు. అందుకే ఆమె 1928లో హిందూ దేవాదాయ చట్టానికి సవరణ బిల్లు తెచ్చారు. అది 1929లో చట్టమైంది. 1930 జనవరిలో అంకితాన్నే నిషేధించే మరో బిల్లు పెట్టారు. ఆ ఏడు మే నెలలో గాంధీ అరెస్టుకు నిరసనగా రాజీనామా చేశారు. బిల్లును ముందుకు నడిపే మనిషి సభలో లేకుండా పోయింది. నిషేధం చట్టం కావడానికి 1947 దాకా పట్టింది. అంటే పదిహేడేళ్లు. సొంత బిల్లుకున్న బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒక్క మనిషి పట్టుదల మీద నిలబడుతుంది, ఆ మనిషి లేచి వెళ్లిపోతే ఆగిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆపేది 1929 సవరణ. అది భూమి గురించిన చట్టం. గుడిలో ఆడి పాడినందుకు దేవదాసీ అనుభవించే ఇనాం భూమిని ఆ సేవ నుంచి విడదీసి, క్విట్‌రెంటు కట్టుకునే షరతుతో ఆమెకే వదిలిపెట్టారు. గుడి నుంచి బయటికొస్తే తిండి పోతుందన్న భయం తీర్చడానికి ఇది మంచి ఆలోచన. కానీ ఆ భూమి అప్పటిదాకా తల్లి నుంచి కూతురికి, పెంపుడు కూతురికి దిగేది. సేవ పోయాక అది మామూలు ఆస్తి అయింది. వాటా అడగడానికి కొడుకులూ తమ్ముళ్లూ ముందుకొచ్చారు. మెట్ట సేద్యంలో రోజంతా వంగి పనిచేసే కాపు ఇల్లాలి పేరన సెంటు భూమి లేని రోజులవి. ఆడవాళ్ల వరసలో భూమి దిగిన ఒక్క చోటు ‘చెడ్డ’ ఆడవాళ్లదే కావడం, సంస్కరణతో అదీ సడలిపోవడం మనం తీరిగ్గా ఆలోచించవలసిన విషయం. మిగతా తెలుగు ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన వాటా రావడానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు కూడా. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ వంటివారు దేవదాసీల తరఫున ప్రభుత్వానికి మహజర్లు పంపారు. మమ్మల్ని వేశ్యలతో కలిపి చూడొద్దు, చదువూ కళా ఇప్పించండి అన్నారు. మరోవైపు కళావంతుల కుటుంబం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ వైపు నిలబడ్డారు. ఒకే కులం ఆడవాళ్లు రెండు వైపులా ఉన్నారు. సభలోపల మాట్లాడే అవకాశం మాత్రం ముత్తులక్ష్మికే దొరికింది. ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒక్క కుర్చీ ఇచ్చి, అందులో కూర్చున్నామెను అందరి తరఫునా మాట్లాడమంటే జరిగేది ఇదే.

1947 చట్టం గుళ్లలో, దేవుడి ఊరేగింపుల్లో ఆడవాళ్ల నాట్యాన్నీ నిషేధించింది. ఆ చట్టం జగ్గయ్యపేట దాకానే. దాటి కోదాడ వెళ్తే నిజాం రాజ్యం. చేతి దూరంలో ఉన్న రెండు ఊళ్లలో ఒకే పని ఒకచోట నేరం, ఇంకోచోట కాదు. రెండు వైపులా ఒకే దేవదాసీ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. 2014 నుంచి మళ్లీ అదే గీత రెండు రాష్ట్రాల సరిహద్దు.

ఇప్పుడు నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. నందిగామ 2014 ఉపఎన్నికలోనూ 2024లోనూ తంగిరాల సౌమ్యను శాసనసభకు పంపింది. చట్టసభల్లో మూడోవంతు స్త్రీలు ఉండాలన్న రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది. సంతోషమే. కానీ పార్లమెంటులో సభ్యులు సొంతంగా తెచ్చిన బిల్లుల్లో ఇంతవరకు చట్టాలైనవి పద్నాలుగు, చివరిది 1970లో. మనవాళ్లు సభలో ఎందరుంటారని అడిగినట్టే, సొంత బిల్లు పెట్టుకోవడానికి వాళ్లకు ఎంత సమయం ఇస్తారని కూడా అడగాలి. ఆ బిల్లు ఎవరి బతుకు గురించో వాళ్ల మహజర్లు సభ బల్ల మీదికి వస్తాయా అనీ అడగాలి.