కేబుల్ కార్డు నుంచి ఓటీటీ లాగిన్ దాకా: లెక్క ఎవరి చేతిలో ఉంది?

ఈ ఎపిసోడ్ ఒక అట్ట ముక్కతో మొదలుపెడదాం. దివిసీమలో మా అమ్మమ్మ వాళ్లింట్లో కరెంటు మీటరు పక్కన మేకుకి ఒక కార్డు వేలాడుతుండేది. పైన కేబుల్ టీవీ పేరు, కింద పన్నెండు నెలలకి పన్నెండు గళ్లు. డబ్బులు కట్టగానే కలెక్షన్ కుర్రాడు ఆ నెల గడిలో సంతకం పెట్టేవాడు. మూడు నాలుగు గళ్లు ఖాళీగా ఉన్నా టీవీ మాత్రం వస్తూనే ఉండేది. "సార్వా ధాన్యం అమ్మాక ఇస్తాంలే బాబూ" అంటే "సరేనండి" అని సైకిలెక్కేసేవాడు.

కేబుల్ పోయి ఓటీటీ ఎందుకొచ్చింది అని అడిగితే ఎవరైనా జియో పేరు చెప్తారు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, డేటా చవకైంది, అంతే అంటారు. అదీ నిజమే. కానీ చదివేకొద్దీ నాకు ఇంకో గొడవ కనిపించింది. ఎంతమంది చూస్తున్నారో లెక్కపెట్టేది ఎవరు? ముప్పై ఏళ్లుగా కొట్లాట దాని మీదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. మొదట్లో కేబుల్ అంటే ఒక వీసీఆర్ పెట్టి, వైర్లు లాగి, వీధి మొత్తానికి ఒకే సినిమా వేయడం. 1991లో స్టార్ టీవీ శాటిలైట్ మీద రావడంతో మేడల మీద పెద్ద పెద్ద డిష్‌లు లేచాయి. అప్పటికి దీనికంటూ చట్టం లేదు. కేబుల్ టీవీ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చింది 1995లో. అప్పట్లో ఆపరేటర్ రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాల్సి వచ్చేదో తెలుసా? హెడ్ పోస్టాఫీసులో! స్టాంపులు అమ్మే చోటే టీవీ కంపెనీ పెట్టేసేవాళ్లన్నమాట. అదే ఏడాది జెమిని వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. తెలుగులో ఇరవై నాలుగ్గంటల వినోదం దొరికాక ఇక డెల్టా ఊళ్లలో కేబుల్ గురించి ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు నాలోని ఇంజనీర్‌ని కాసేపు భరించండి. పాత కోయాక్సియల్ వైరులో అన్ని ఛానళ్లూ ఒకేసారి, ఒకే వైపు ప్రవహిస్తాయి. స్ప్లిట్టర్ పెట్టి రెండిళ్లకు పంచితే ఒక్కో ఇంటికి సగం సిగ్నల్ వెళ్తుంది. అందుకే మధ్యలో యాంప్లిఫయర్లు. అది ఎవరి మేడ మీద ఉందో వాళ్లింట్లో కరెంటు పోతే, మిగతా వీధి మొత్తానికి టీవీలో చుక్కలే. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఆ వైరు వెనక్కి మాట్లాడదు. ఎవరు చూస్తున్నారో, అసలు ఎన్ని టీవీలు తగిలించారో ఛానల్ వాళ్లకు తెలిసే దారే లేదు. మా ఊళ్లో వెయ్యి కనెక్షన్లు ఉంటే ఆపరేటర్ రెండొందలే అని చెప్పొచ్చు. పే ఛానళ్లకు కట్టేది ఆ రెండొందలకే. దేశమంతా జరిగింది ఇదే. అసలు లెక్క ఆపరేటర్ జేబులో పుస్తకంలో ఉండేది.

అది దొంగలెక్కే, కాదనను. కానీ మా అమ్మమ్మకు దొరికిన అరువు కూడా ఆ పుస్తకంలోంచే వచ్చింది.

ఆ పుస్తకాన్ని లాక్కోవడానికే సెట్ టాప్ బాక్స్ వచ్చింది. 2011లో చట్టం మార్చారు. హైదరాబాద్, విశాఖ రెండో దశలో, అంటే 2013 మార్చి 31 గడువుతో డిజిటల్ అవ్వాలి. విజయవాడ లాంటి మిగతా పట్టణాలకు గడువు 2015 డిసెంబర్. ప్రతి పెట్టెకీ ఒక నంబరు. తర్వాత 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త రేట్లు తెచ్చింది. వంద ఛానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో 153.40. ఆపైన పే ఛానళ్లు మనమే ఏరుకోవాలి. చూసేదానికే డబ్బు కట్టండి అన్నారు, వినడానికి బానే ఉంది. తీరా చూస్తే చాలా ఇళ్లలో బిల్లు పెరిగింది. పెద్దవాళ్లకు ఆ జాబితా అర్థం కాక ఆపరేటర్ ఏ బొకే చెప్తే అదే వేయించుకున్నారు.

సరిగ్గా అప్పటికే మన చేతుల్లో ఫోన్లున్నాయి. 2020లో ఆహా వచ్చినప్పుడు ఏడాదికి 365, అంటే రోజుకో రూపాయి. ఆ ఏడాది హాళ్లు మూసేస్తే నాని 'వి' సెప్టెంబర్ 5న నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. స్ట్రీమింగ్‌లో చూసే ప్రతి ఒక్కరికీ సర్వర్ నుంచి వేరే ప్రవాహం వెళ్తుంది కాబట్టి లెక్క దానంతటదే పడిపోతుంది. ఎక్కడ ఆపావో, ఏ పాట దాటేశావో కూడా తెలుసు. పక్కింటికి వైరు లాగినట్టు మనం పాస్‌వర్డ్‌లు పంచుకున్నాం కదా, నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో దానికి కూడా అడ్డు పడింది.

డీటీహెచ్ చూడండి. ట్రాయ్ లెక్కల్లో 2021 మార్చిలో దాదాపు 7 కోట్ల కనెక్షన్లు, 2025 మార్చికి 5.7 కోట్లు. కేబుల్‌కి మాత్రం పెద్ద కంపెనీలు ఇచ్చే లెక్కే తప్ప దేశం మొత్తానికి ఇంత కచ్చితమైన అంకె ఈ రోజుకీ లేదు. జేబులో పుస్తకం ఇంకా పూర్తిగా మూతపడలేదన్నమాట!

మన దగ్గర కథకి ఒక మలుపు ఉంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్. భూమి తవ్వితే ఖర్చని ఫైబర్‌ని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. మరి స్తంభం నుంచి ఇంటి దాకా లాగేదెవరు? మళ్లీ మన కేబుల్ ఆపరేటరే. ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరిదో అతనికి తప్ప ఎవరికి తెలుసు?

అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనూ ఫైబర్ వేయించాం. వేరే కంపెనీదిలెండి. ఓటీటీలు కలిపిన ప్లాన్, నా ఫోన్‌లో ఆటో పే. మొన్న సంక్రాంతికి వెళ్తే మీటరు పక్కన మేకు ఉంది, కార్డు లేదు. "ఆ కుర్రాడు నెల డబ్బులకి రావట్లేదేంట్రా?" అని అడిగింది. నా ఖాతాలోంచి అదే కట్ అయిపోతుందని చెప్పా. ఒక నెల లేకపోతే? అర్ధరాత్రి దాటాక ఆగిపోతుంది అన్నాను.

"మరి ధాన్యం అమ్మాక ఇస్తామని ఎవరికి చెప్పాలి?"

యాప్ తెరిచి చూశాను. కస్టమర్ కేర్ నంబర్ ఉంది. నొక్కితే మొదట భాష ఎంచుకోమంది.