గడియారపు వేగమూ, బిళ్ళ బ్యాటరీ మతిమరుపూ

‘ఓవర్‌క్లాకింగ్’ అన్న పదానికి తెలుగు మాట చెప్పమని నా పాత శిష్యుడొకడు ఇటీవల అడిగినాడు. ‘అతివేగనం’ అన్నాను గానీ నాకే రుచించలేదు. కంప్యూటరు లోపల ఒక స్ఫటికం లయ తప్పకుండా స్పందిస్తూ ఉంటుంది. ఆ లయను తయారీదారు నిర్ణయించిన హద్దు దాటించి యంత్రాన్ని పరుగెత్తించడమే ఆ పని. మాట సంగతి అలా ఉంచుదాం. 2001 వేసవిలో కొండాపురంలో నా కంప్యూటరును పడగొట్టినవాడూ, మూడు రోజుల తరువాత లేపినవాడూ ఈ శిష్యుడే. ఆ ముచ్చట అర్థం కావాలంటే కొంత పూర్వకథ చెప్పాలి.

1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం తొలి పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. దానికి ఏయే పరికరాలు తగిలించినారో చెప్పే అమరికలు మదర్‌బోర్డు మీది చిన్న స్విచ్చులలో ఉండేవి. కరెంటు పోయినా స్విచ్చు ఉన్నచోటే ఉంటుంది గనుక మరచిపోయే బెడద లేదు. 1984లో వచ్చిన ఏటీ నమూనా 6 మెగాహెర్ట్జ్‌ది. 12 మెగాహెర్ట్జ్ స్ఫటికపు లయను సగం చేసి వాడుకునేది. కొందరు ఆ స్ఫటికాన్ని ఊడబెరికి 16 మెగాహెర్ట్జ్‌ది గుచ్చి, 8 మెగాహెర్ట్జ్ వేగం రాబట్టుకున్నారు. ఐబీఎం వారు ఊరుకోలేదు. తరువాతి యంత్రాలలో, మొదలయ్యేటప్పుడే వేగం కొలిచి, మితిమీరితే ఆగిపోయే పరీక్షను చేర్చినారు.

ఆ ఏటీతోనే మరొక మార్పు వచ్చింది. స్విచ్చులలోని అమరికలు చాలావరకు మోటరోలా కంపెనీ 146818 అనే చిప్పులోకి పోయినాయి. తేదీ, వేళ చూసుకునే గడియారమూ అందులోదే. దానికి ఉన్న జ్ఞాపకం మొత్తం 64 బైట్లు. అందులో 14 గడియారానికి పోగా అమరికలకు మిగిలేవి 50. కందపద్యానికి మాత్రలు 64 అని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి గనుక ఈ లెక్క నాకు మరపునకు రాదు. అయితే యూనికోడు తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడేసి బైట్లు కావాలి. ఆ చిప్పులో కందం మాట అటుంచి, దాని మొదటి పాదం పట్టడమే గగనం. పైగా ఆ జ్ఞాపకం బ్యాటరీ ఉన్నంతసేపే. తరువాతి కాలంలో సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ళ ఆ పనికి స్థిరపడింది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అదే దాని పేరు.

1998 ఆగస్టులో ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ వచ్చింది. మదర్‌బోర్డు ఇచ్చే 66 మెగాహెర్ట్జ్ లయను నాలుగున్నర రెట్లు చేసుకుని 300 వేగంతో నడిచే చౌకరకం ప్రాసెసరు అది. లయను 100కు పెంచితే 450 అవుతుంది. అది అంతకు ఎన్నో రెట్లు ధర పలికిన పెంటియం 2 వేగం! అదే కాలంలో ఏబిట్ వంటి కంపెనీలు, పెట్టె విప్పకుండానే బయాస్ తెర మీద వేగం మార్చుకునే వీలు కల్పించినాయి. చిక్కంతా అక్కడే ఉంది. మోయలేని వేగం పెడితే తెర వెలగదు. తెర వెలగకపోతే వేగం తగ్గించే వీలు లేదు. బీగం చెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసుకున్నట్లు.

నా యంత్రం అటువంటిదే. 1999లో కొన్నాను. గండికోట జలాశయం కింద పోతాయని చెప్పుకుంటున్న ఊళ్ళు, ముఖ్యంగా తాళ్ళప్రొద్దుటూరు, తిరిగి సేకరించిన దంపుళ్ళ పాటలు, చేల పేర్లు, చాటువులు అందులోకి ఎక్కిస్తుండేవాణ్ణి. సగం ఫ్లాపీలలోకి నకలు తీసినాను. సగానికి బద్ధకించినాను. కాగితాలు కొన్ని అప్పటికే చెదల పాలైనాయి.

శిష్యుడు శీతకాలంలో 450 పెట్టినాడు, చక్కగా నడిచింది. మా ప్రాంతపు వైశాఖం సంగతి చెప్పనక్కరలేదు, 40 డిగ్రీలు దాటిన ఎండలో గోడ కూడా కాలుతుంది. అటువంటి రోజున నేను ఊళ్ళో లేనప్పుడు, ఐదువందల గీత దాటించాలన్న పంతంతో లయను 112 చేసినాడు. అంటే 504. తెర నల్లబడింది.

నాతో మాత్రం “కరెంటు ఎచ్చుతగ్గులయింది సార్” అన్నాడు. రెండు రోజులు మానిటరు మార్చి చూసినాము. ర్యామ్ పలకను ఊడదీసి దాని అంచును పిల్లల రబ్బరుతో రుద్దినాము. ఆ రబ్బరు ఇచ్చింది నేనే. మూడో నాడు నేను ఫ్లాపీల ముందు కూర్చుని, పోయిన పాటల జాబితా రాసుకుంటుంటే చూసి, తలవంచుకుని నిజం చెప్పినాడు.

నిజం తెలిసిన తరువాత పని పది నిమిషాలది. ప్లగ్గు పీకి, బిళ్ళను స్క్రూడ్రైవరు కొనతో లేపినాడు. దాని పక్కన మూడు సూదుల మీద ఉండే జంపరు అనే చిన్న తొడుగును మొదటి రెండింటి నుండి తీసి చివరి రెండింటికి తొడిగి, కాసేపు ఉంచి, మళ్ళీ యథాస్థానంలో పెట్టినాడు. చిప్పు తప్పుడు వేగాన్ని మరచిపోయింది. ఒక్క ‘బీప్’తో తెర వెలిగింది. “పాటలు యాడికీ పోలేదు సార్, అవి ఉండేది ఆర్డ్ డిస్కులో” అన్నాడు. నాకు కోపం రాలేదని అనను.

పూర్తిగా పోలేదన్నదీ నిజం కాదు. ఆ బోర్డులలో హార్డ్ డిస్కుతో మాట్లాడే దారి వేగం కూడా ఆ లయనే అనుసరిస్తుంది. 100లో మూడోవంతు 33.3, అది దానికి సహజం. 112లో అయితే 37.3. అందుచేతనో, మధ్యలో ఆగిపోయినందుచేతనో, రెండు ఫైళ్ళు పిచ్చిగీతలైనాయి. ఒకటి ఫ్లాపీలో దొరికింది. రెండవది తాళ్ళప్రొద్దుటూరు చేల పేర్లు. ఆ వారమే శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ అడిగి రాసుకున్నాను. చెప్పినవారిలో ఒక అవ్వ అప్పటికి లేదు. ఆమె చెప్పిన నాలుగైదు పేర్లు మరెవ్వరికీ తెలియలేదు.

2020లో ఆ ఊరు ఖాళీ అయింది, నీళ్ళు వచ్చినాయి. రెండోసారి రాసుకున్న ఆ జాబితాను తరువాత అను లిపి నుండి యూనికోడులోకి మార్చుకున్నాను. మూల ఫైలు మాత్రం అలాగే ఉంచినాను. చిప్పు మతి పోగొట్టుకున్నప్పుడు తేదీ కూడా మొదటికి వచ్చింది, సరిచేయడం మరచి నేను టైపు చేసినాను. అందువల్ల ఆ ఫైలు మీద ఈనాటికీ 1998 జనవరి 1 అనే ఉంటుంది. అప్పటికి నా ఇంట్లో కంప్యూటరే లేదు.