వాహన సీబీ రేడియో యాంటెన్నా

సిటిజన్ బ్యాండ్ (సీబీ) రేడియో సంకేతాలను పంపడానికీ అందుకోవడానికీ వాహనంపై బిగించే కడ్డీ. భారతదేశంలో 26.957–27.283 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాలను 5 వాట్లకు మించని శక్తితో వాడుకోవడానికి 2005 నాటి నిబంధనలు లైసెన్సు మినహాయింపు ఇచ్చాయి.

ఎంపిక: ఈ పౌనఃపున్యాల తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు కడ్డీ, అంటే దాదాపు 2.7 మీటర్లది, బాగా పనిచేస్తుంది. వాహనానికి అంత పొడవు ఇబ్బంది కనుక రాగితీగ చుట్టతో పొట్టి చేసిన కడ్డీలు వాడతారు. పొట్టిదయ్యేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది.

అమరిక: ఉక్కు పైకప్పు నడిమధ్య చోటు శ్రేష్ఠం, ఆ లోహపు రేకు యాంటెన్నాలో రెండో సగంగా పనిచేస్తుంది. అయస్కాంత పీఠం అల్యూమినియంపై నిలవదు. చెక్క బాడీ లారీకి లోహపు క్యాబిన్‌పైనే అమర్చాలి. రేడియోకు 50 ఓంల కోయాక్సియల్ కేబుల్ కలపాలి. యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో తెలిపే ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో)ను మీటరు 1.5 లోపు చూపితే మంచిది. పై ఛానెళ్లలో అది ఎక్కువైతే కడ్డీ పొడవు తగ్గించాలి, కింది ఛానెళ్లలో ఎక్కువైతే పెంచాలి.

పావగడలో: కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెంది, మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించిన ఈ తాలూకాలో బండరాళ్ల గుట్టలు అనేకం. కోట కొండ వంటి వాటి చాటున సంకేతం బలహీనపడుతుంది. సౌర విద్యుత్ పార్కు ఉన్న తిరుమణి వైపు బయలు నేలల్లో మరింత దూరం సాగుతుంది. కడ్డీ కొన విద్యుత్ తీగలకు తగలని ఎత్తులో ఉండేలా తప్పక చూసుకోవాలి.