జోజిలా: 1948 ఫిబ్రవరి మంచులో లేహ్‌కు నడిచిన దారి

జోజిలా అనగానే మనకు గుర్తొచ్చేది 1948 నవంబర్ 1. అంత ఎత్తులో స్టువర్ట్ ట్యాంకులు నడిపి కనుమను తిరిగి గెలుచుకున్న ఆపరేషన్ బైసన్. తిమ్మయ్య పేరుతో సహా బట్టీ పట్టేస్తాం. అయితే ఆ ట్యాంకులు వచ్చేదాకా లేహ్ మన చేతుల్లో ఎలా నిలిచిందన్న ప్రశ్న మాత్రం వేసుకోం. దానికి జవాబు అదే ఏడాది ఫిబ్రవరిలో ఉంది.

ముందు భౌగోళికం. శ్రీనగర్–లేహ్ దారిలో, సోనామార్గ్‌కూ ద్రాస్‌కూ మధ్య, దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది జోజిలా. ('లా' అంటేనే కనుమ, కాబట్టి 'జోజిలా కనుమ' అని రాయనక్కర్లేదు.) బాల్తాల్ వైపు నిట్టనిలువు ఎక్కుడు, ద్రాస్ వైపు నెమ్మదైన వాలు. ఇక్కడ మంచు కురిపించేవి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. చలికాలం చివర పడే మంచే ఎక్కువ ప్రమాదకరం. గట్టిపడిన పాత పొర మీద కొత్త మంచు సరిగా అతుక్కోదు. పగటి ఎండకు మెత్తబడి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. ఆ తేడాకు వాలు మీద పట్టు తప్పి చరియలుగా జారిపోతుంది. తప్పనిసరై దాటాల్సినవాళ్లు ఎండెక్కకముందే, మంచు గట్టిగా ఉండగానే కదలాలి.

ఇప్పుడు 1948కి వద్దాం. గిల్గిత్ 1947 నవంబర్‌లోనే చేజారింది. ఫిబ్రవరిలో స్కర్దూ ముట్టడిలో పడింది. తర్వాతి లక్ష్యం లేహ్ అని అందరికీ తెలుసు. అక్కడున్నది సంస్థాన సైన్యానికి చెందిన పిడికెడు మంది. విమానాలు దిగే చోటు లేదు. మనాలి దారీ, జోజిలా దారీ రెండూ మంచుతో మూతపడ్డాయి. ఇక్కడే అసలు మెలిక ఉంది. స్కర్దూ నుంచి లేహ్‌కు సింధు లోయ పట్టుకుని రావచ్చు, మధ్యలో జోజిలా లాంటి అడ్డు లేదు. అంటే మంచు గోడ ఎక్కువగా భారత సైన్యం ముందే నిలిచింది. వేసవి దాకా ఆగుదామంటే, ఆ ఆలస్యం ఎదుటివాడికే లాభం.

అందుకే 2 డోగ్రాకు చెందిన పృథీ చంద్, ఆయన బంధువు కుశాల్ చంద్ ముందుకొచ్చారు. ఇద్దరూ లాహౌల్ వాసులు. రోహ్తాంగ్ అవతల, ఏటా నెలల తరబడి మంచులో బందీ అయ్యే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ నడక కొత్త కాదు. దాదాపు 40 మంది వాలంటీర్లతో ఫిబ్రవరి మధ్యలో శ్రీనగర్ నుంచి బయలుదేరి, కాలినడకన జోజిలా దాటి, మార్చి 8న లేహ్ చేరారు. సుమారు మూడు వారాలు! అక్కడ స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చారు. అలా ముందుకొచ్చిన లద్దాఖీల్లో ఒకరైన చెవాంగ్ రించెన్ టీనేజ్‌లోనే మహావీర్ చక్ర అందుకున్నారు. ఇంజినీర్ సోనమ్ నోర్బూ సింధు ఒడ్డున ఎయిర్‌స్ట్రిప్ సిద్ధం చేశారు. మే 24న మెహర్ సింగ్ అక్కడ డకోటా దించారు. అప్పటికే కార్గిల్ పోయింది. ఆ ఎయిర్‌స్ట్రిప్ లేకుంటే లేహ్ కూడా పోయేదేనని నా అంచనా. నవంబర్‌లో ట్యాంకులు ఎక్కిన బాటను మద్రాస్ శాపర్స్ వేశారు. అదీ గొప్ప పనే, కానీ అది కాపాడుకున్న లేహ్‌ను కలిపిన పని. మెయిన్స్ జవాబులో ఈ క్రమం తారుమారు చేయకండి.

మంచు మాత్రం మారలేదు. 2025లో కూడా ఫిబ్రవరి చివర వరుస పశ్చిమ అలజడులతో దారి మూతపడి ఏప్రిల్ 1న తెరుచుకుంది. అంటే 32 రోజులు. ఒకప్పుడు ఐదారు నెలలు మూసేవారు. హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ తవ్వుతున్న 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం పూర్తయ్యేదాకా, ప్రతి మార్చిలోనూ బీఆర్‌ఓకు చెందిన బీకన్ సిబ్బంది సోనామార్గ్ వైపు నుంచి, విజయక్ సిబ్బంది ద్రాస్ వైపు నుంచి మంచు కోసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాల్సిందే.